సెంటు నేలకు లెక్క వేరు

అనంతపురం జిల్లా పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఇంటి వెనక రెండు మూడు సెంట్ల జాగా మిగిలినా చాలామంది దాన్ని బండలు పరిచి మూసేస్తారు, లేదంటే కంపచెట్లకు వదిలేస్తారు. తప్పంతా నేలదే అంటారు. ఎర్రమట్టి, కింద గరప, తాగడానికే నీళ్లకు కటకటగా ఉన్న చోట తోటేమిటని అడుగుతారు. ఆ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. వాన మీద ఆశపెట్టుకుని ఏటేటా వేరుశనగ విత్తి, పండిన పంటతో పాటు ఎండిన పంటను కూడా కళ్లారా చూసిన రైతులు ఇచ్చిన తీర్పు అది. కానీ అది ఐదెకరాల చేనికి ఇచ్చిన తీర్పు. దాన్నే పెరటికీ అన్వయించడంలో పొరపాటుంది. ఈ నేలకున్న పెద్ద లోపాలు రెండు. నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుకోలేదు, సేంద్రియ పదార్థం చాలా తక్కువ. ఐదెకరాల్లో ఈ రెంటినీ సరిచేయడం రైతు తాహతుకు మించిన పని. ఒక్క సెంటులో అయితే ఒక కుటుంబం రెండు మూడేళ్లలో చేసుకోగలదు. అందుకే ఈ జిల్లాలో తోట పెట్టాలనుకునే వాళ్లు ఏ మొక్క నాటాలన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టి, కాళ్ల కింది మట్టి లెక్క ముందు చూసుకోవాలి.

2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోక ముందటి ఉమ్మడి అనంతపురాన్ని తీసుకుంటే, నేలల్లో 76 శాతం ఎర్రవి, 24 శాతం నల్లవి. నల్లనేలలు జిల్లా అంతటా సమానంగా పరుచుకుని లేవు. కణేకల్లు, బొమ్మనహాళ్, విడపనకల్లు, ఉరవకొండ, వజ్రకరూరు, గుంతకల్లు, గుత్తి, పామిడి, యాడికి, తాడిపత్రి, పుట్లూరు వైపు ఎరుపు, నలుపు ఇంచుమించు సరిసమానంగా ఉంటాయి. కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మడకశిర, కల్యాణదుర్గం వైపు వెళితే ఎర్రనేలదే పైచేయి. ఎర్రనేల గ్రానైటు, నైసు రాళ్లు శిథిలమై ఏర్పడింది. ఆ రాయిలోని పలుగు ఇసుకగా మిగిలింది, ఇనుము గాలి తగిలి తుప్పు రంగుకు తిరిగింది, బంకమన్ను కొద్దిగానే తయారైంది. తాడిపత్రి, యాడికి ప్రాంతాల అడుగున ఉన్నవి సున్నపురాయి, పలకరాళ్లు. అక్కడి మట్టిలో సున్నం పాలు ఎక్కువగా ఉండటానికి అదే కారణం. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున గాలికి ఎగిరొచ్చి మేట వేసిన ఇసుక దిబ్బలు కూడా ఉన్నాయి. అయితే జిల్లా పటం మీ పెరటి పటం కాదు. ఒకే ఊళ్లో గుట్ట వాలులో గరప జానెడు లోతులోనే తగులుతుంది, చెరువు కింద మూడడుగులు తవ్వినా మెత్తటి మట్టే వస్తుంది.

ఎర్రనేల నీటిని ఎంత పట్టి ఉంచుకోగలదో అంకెల్లో చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. ఇసుకపాలు ఎక్కువున్న ఇలాంటి మట్టి, మీటరు లోతున, మొక్క వేరు పీల్చుకోగల నీటిని సుమారు 100 మిల్లీమీటర్ల మేరకు దాచుకుంటుంది. మన చోట గరప చాలాసార్లు అడుగు లోతులోనే వచ్చేస్తుంది, అంటే 30 మిల్లీమీటర్లే. మట్టిలో మూడో వంతు రాళ్లుంటే అందులోనూ మూడో వంతు తగ్గుతుంది. మామూలు ఎండలో నిండుగా పెరిగిన కూరగాయల మడి రోజుకు 5 మిల్లీమీటర్లు వాడుకుంటుందనుకుంటే, ఎంత మంచి వాన పడినా ఆరో రోజుకు నిల్వ అయిపోతుంది. అనంతపురంలో ఒక వానకూ మరో వానకూ మధ్య మూడు నాలుగు వారాల బెట్ట రావడం వింత కాదు. చేలో వేరుశనగ ఎండిపోయేది ఆ బెట్టలోనే. జిల్లాకు ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి మేఘాలు పూర్తిగా అందవు, తూర్పు తీరానికి దూరంగా ఉండటం వల్ల ఈశాన్య వానలూ అరకొరగానే వస్తాయి. ఇంత తక్కువ వానే అయినా, ఒక సెంటు మీద, అంటే 40 చదరపు మీటర్ల మీద పడేది ఏడాదికి 22 వేల లీటర్లు. అడుగు లోతు మట్టి ఒక్కసారికి దాచుకోగలిగేది అందులో 1,200 లీటర్లు మాత్రమే. వాన తక్కువైన మాట నిజమే, కానీ వచ్చిన వానకు గిడ్డంగి చాలకపోవడం అంతకంటే పెద్ద ఇబ్బంది. వానను పెంచడం మన వల్ల కాదు గానీ గిడ్డంగిని పెంచుకోవచ్చు.

రెండో లోపం సేంద్రియ పదార్థం. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని లెక్క. ఇక్కడి మెట్ట చేలల్లో అది చాలావరకు 0.5 లోపే ఉంటుంది. దీన్ని నేల పుట్టుకతో తెచ్చుకున్న గుణంగా భావించడం సరికాదు. ఒకప్పుడు ఈ జిల్లాలో వేరుశనగ ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా సాగైంది. వేరుశనగను కోయరు, వేళ్లతో సహా పెరుకుతారు. కాయ గంపలోకి, కట్టె పశువుల మేతకు పోతుంది. చేనికి తిరిగి దక్కేది రాలిన నాలుగు ఆకులే. ఆ మేత తిన్న పశువుల పేడ చేనికి చేరినంత కాలం కొంత సరిపోయింది. పశువులు తగ్గాక ఆ దారీ మూసుకుపోయింది. ఏటా తీసుకోవడమే తప్ప తిరిగి పెట్టడం లేని చోట ఏ నేలైనా ఇలాగే తయారవుతుంది. దీనికి రుజువు కావాలంటే చేని గట్టు మీద ఏళ్ల నాటి వేప కిందో, కానుగ కిందో మట్టిని గుప్పెడు తీసి, పది గజాల దూరంలోని చేని మట్టితో పోల్చి చూడండి. రంగులోనే తేడా తెలుస్తుంది. రెండింటికీ తల్లిరాయి ఒకటే, పడిన వానా ఒకటే. ఒకదాని మీద ఆకు రాలి కుళ్లింది, రెండోదాని మీద రాలలేదు.

ఈ నేలకు నీరు అందితే ఏం చేయగలదో జిల్లాలోని తోటలే చెబుతున్నాయి. చీనీ, దానిమ్మ, అరటి, మామిడి, టమాటా ఇక్కడ వేల ఎకరాల్లో పండుతున్నాయి. 2020 సెప్టెంబరులో దక్షిణ భారతంలో తొలి కిసాన్ రైలు పండ్లు, కూరగాయలతో బయల్దేరింది అనంతపురం నుంచే, చేరింది ఢిల్లీకి. దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఆ తోటలు నిలబడింది బోర్ల మీద, ఆ బోర్ల కోసం అప్పులపాలైన రైతులు ఎందరో ఉన్నారు, కాబట్టి అది నేల గొప్పతనం కాదు, నీటి గొప్పతనం అంటారు. అభ్యంతరం న్యాయమైనదే. అయితే నీరు పోస్తే చాలు పండే నేల ఒకటుంది, నీరు పోసినా చౌడెక్కి చచ్చిపోయే నేల మరొకటుంది. మనది చాలావరకు మొదటి రకం. ఉదజని సూచిక సాధారణంగా 6.5 నుంచి 7.5 మధ్య ఉంటుంది, కూరగాయలకు అంతకంటే కావలసింది లేదు. నీరు నిలవదు కాబట్టి వేరు కుళ్లు తక్కువ. గ్రానైటులోని ఖనిజాల పుణ్యమా అని పొటాష్ మరీ తక్కువగా ఉండదు.

ఇక పెరటికి నీళ్ల మాట. సెంటు మడికి, పైన తుక్కు కప్పి ఉంటే, చలికాలంలో రోజుకు 4 మిల్లీమీటర్ల చొప్పున 160 లీటర్లు కావాలి. పల్లెల్లో కుళాయి నీటికి ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు, నలుగురికి 220. స్నానం నీళ్లు, బియ్యం, కూరలు, అంట్లు కడిగిన నీళ్లు అందులో సగం దొరికినా 110 లీటర్లు. అంటే మూడింట రెండు వంతుల మడికి వాడిన నీళ్లే సరిపోతాయి. బట్టల సోడా నీళ్లను మాత్రం కూరగాయలకు పెట్టకండి, అందులోని సోడియం మట్టిని బిగదీస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ లెక్క కుదరదు, అవసరం దాదాపు రెట్టింపవుతుంది. అందుకే వేసవిలో పావు సెంటుకు మించి కూరలు పెట్టుకోవద్దనే నా సలహా. మిగతా మడిని కప్పి ఉంచి విశ్రాంతినివ్వండి. ఎండాకాలం కూడా నిండు మడి కావాలని పట్టుబట్టి ఉన్న నీళ్లను అంతటా పలచగా పంచితే ఏ మొక్కకూ కడుపు నిండదు.

పని మొదలుపెట్టే ముందు మట్టిని మీ చేతులతో పరీక్షించండి. పిడికెడు మట్టిని తడిపి ఉండ చేసి, బొటనవేలితో పట్టీలా నొక్కండి. అంగుళం కూడా సాగకుండా విరిగిపోతే ఇసుక పాలు ఎక్కువ, రెండంగుళాలు దాటి సాగితే బంకమన్ను ఎక్కువ. ఇంకాస్త నికరంగా తెలియాలంటే గాజు సీసాలో మూడో వంతు జల్లించిన మట్టి వేసి, నీళ్లు నింపి, చిటికెడు సబ్బుపొడి కలిపి బాగా కుదిపి వదిలేయండి. నిమిషంలో దిగేది ఇసుక, కొన్ని గంటల్లో దిగేది ఒండ్రు, మరునాటికి గానీ తేరుకోనిది బంకమన్ను. తర్వాత అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నీళ్లు నింపి ఇంకనివ్వండి, మళ్లీ నింపండి. రెండోసారి నింపిన నీళ్లు గంటలోపే మాయమైతే ఆ మట్టికి నీరు నిలవదు. నాలుగు గంటల తర్వాత కూడా సగానికి పైగా ఉంటే అడుగున బిగిసిన గరపో, రాతి పొరో ఉంది. ఎండిన మట్టి మీద నాలుగు చుక్కల వెనిగరు వేస్తే బుస్సుమని పొంగితే సున్నం ఉందని అర్థం. ఇంటి వెనక జాగాలో ఈ పరీక్ష మరీ ముఖ్యం. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు చాలాసార్లు అక్కడే పూడ్చేస్తారు, తర్వాత మొక్కలు పచ్చబారితే జిల్లా నేలను తిడతారు. ఇవన్నీ చూసుకున్నాక ఒక నమూనా భూసార పరీక్షకు ఇవ్వండి. 2015లో మొదలైన భూసార కార్డు పథకం కింద నత్రజని నుంచి బోరాన్ దాకా, ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం కలిపి మొత్తం 12 అంశాలు చెబుతారు. నమూనాను ఒకే చోట తీయకుండా ఏడెనిమిది చోట్ల అరడుగు లోతు నుంచి తీసి కలిపి ఇవ్వాలి.

ఇక గిడ్డంగిని పెంచే పని. తొలకరి చినుకులకు నేల మెత్తబడ్డప్పుడు మొదలుపెట్టండి, ఎండిన ఎర్రనేల మీద గడ్డపార కూడా ఎగిరిపడుతుంది. పైమట్టిని అడుగు లోతు తీసి పక్కన పోసుకోండి. కింద తగిలిన గరపను గడ్డపారతో ఇంకో అడుగు లోతు కుళ్లగించండి, బయటికి తీయనక్కర్లేదు, పగిలితే చాలు. దాని మీద గంపల కొద్దీ ఎండుటాకులు, పెంట వేసి పైమట్టిని తిరిగి కప్పండి. ఈ ఒక్క పనితో వేరుకు అందే లోతు అడుగు నుంచి రెండడుగులకు, నిల్వ 30 మిల్లీమీటర్ల నుంచి 50, 60 దాకా పెరుగుతుంది. పైన తుక్కు కప్పి ఖర్చును రోజుకు 4 మిల్లీమీటర్లకు దించితే, ఆరు రోజుల నిల్వ రెండు వారాలు వస్తుంది. మూడు వారాల బెట్టలో ఒకటి రెండు తడులు పెట్టుకుంటే పంట దక్కుతుంది. ఇద్దరు మనుషులు నాలుగైదు రోజుల్లో ముగించగల పని ఇది. ఐదెకరాలంటే 500 సెంట్లు, అక్కడ ఇలాంటి తవ్వకం ఎవరూ తలపెట్టరు. తవ్వేటప్పుడు రాళ్లన్నీ ఏరేయాలన్న పట్టుదల వద్దు. నిమ్మకాయ కంటే పెద్దవి తీసేస్తే చాలు. మట్టి పైన ఉండే చిన్న గులకరాళ్లు వాన దెబ్బను కాచుకుని, తేమ ఆవిరైపోకుండా కాపాడతాయి.

మడి ఆకారం విషయంలో పట్నాల నుంచి వచ్చిన సలహా ఒకటి ఈ నేలకు చేటు చేస్తోంది. ఎత్తు మడులు కట్టండి, చుట్టూ ఇటుకలు పేర్చండి అంటారు. ఎక్కువ వానలు పడి నీరు నిలిచే చోట అది మంచి పద్ధతే. ఇక్కడ ఎర్రనేలలో ఎత్తు మడి అంటే అన్ని వైపుల నుంచీ ఆరిపోయే మడి అన్నమాట. మీ మడి నేల మట్టానికి నాలుగైదు అంగుళాలు పల్లంగా ఉండాలి, చుట్టూ గట్టు ఉండాలి. ఇంటి కప్పు మీద పడిన నీళ్లు కూడా అందులోకే రావాలి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,300 లీటర్లు కారుతుంది. దాన్ని వీధిలోకి వదిలేసి, మరునాడు బిందెలతో నీళ్లు మోయడం ఎందుకు?

ఎర్రనేలకున్న మరో దుర్గుణం పైపొర కట్టడం. పెద్ద చినుకులు పడగానే సన్నటి రేణువులు రంధ్రాల్ని పూడ్చేస్తాయి, ఎండ రాగానే పైమట్టి బిగుసుకుంటుంది, తర్వాతి వాన లోపలికి దిగకుండా జారిపోతుంది, మొలక పైకి రాలేక వంగిపోతుంది. దీనికి మందు కప్పు ఒక్కటే. చినుకు నేరుగా మట్టికి తగలకూడదు. ఈ జిల్లాలో వేరుశనగ పొట్టుకు కొదవ లేదు, దాన్ని రెండంగుళాల మందాన పరిస్తే చాలు. కంది కట్టె తుంటలు, కానుగ ఆకు, ఎండుగడ్డి ఏదైనా సరే. పొట్టును మట్టిలో కలిపేయడం మాత్రం తప్పు. పచ్చిగా కలిపితే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న కాస్త నత్రజనినీ లాగేసుకుంటాయి, మొక్కలు పాలిపోతాయి. పైనే ఉంచితే అడుగు నుంచి నెమ్మదిగా కుళ్లి మట్టిలో కలుస్తుంది. మెట్టలో చాలాచోట్ల చెదలు వస్తాయన్న భయం ఉంది. అవి ముందు తినేది చచ్చిన తుక్కునే. అయినా లేత మొక్క మొదలుకు జానెడు దూరం ఖాళీ వదలడం మంచిది.

ఎరువు ఎంత వేయాలన్నది కూడా లెక్కతోనే తేల్చుకుందాం. సెంటు నేలలో అరడుగు మందం పైమట్టి బరువు దాదాపు 9 టన్నులు. సేంద్రియ కర్బనాన్ని 0.3 నుంచి 0.5 శాతానికి తేవాలంటే ఆ మట్టిలో 18 కిలోల కర్బనం అదనంగా నిలవాలి. బాగా మాగిన పశువుల ఎరువు ఒక బండి, అంటే 400 కిలోలు తెస్తే, అందులో సగం తేమ, ఎండు భాగంలో అయిదో వంతు కర్బనం అనుకున్నా వచ్చేది 40 కిలోలు. మన ఎండలకు అందులో చాలా భాగం ఏడాది తిరిగేసరికి గాలిలో కలిసిపోతుంది. పావు వంతు నిలిచినా పది కిలోలు. అంటే ఏటా ఒక బండి చొప్పున రెండు మూడేళ్లు వేస్తే అనుకున్న చోటికి చేరతాం, ఆ తర్వాత నిలబెట్టుకోవడానికి అరబండి చాలు. ఇదే లెక్కన ఐదెకరాలకు ఏటా 500 బండ్లు కావాలి. చేను బాగుపడలేదంటే రైతు సోమరితనం కాదని, అన్ని బండ్ల ఎరువు ఏ ఇంట్లోనూ లేదని ఇక్కడ తెలుస్తుంది. ఎండకు కాలిపోయే దాన్ని వేసి ఏం లాభం అనేవాళ్లున్నారు. కాలిపోవడం అంటే కుళ్లడమే. కుళ్లుతూ కుళ్లుతూ మొక్కకు ఆహారం వదులుతుంది, రేణువుల్ని కలిపి పట్టి ఉంచే జిగురు తయారవుతుంది. ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. ఎరువు వల్ల నీటి నిల్వ నేరుగా పెరిగేది కొద్దిగానే. తవ్వకం, కప్పు లేకుండా ఎరువు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆశించిన ఫలితం రాదు.

మరి ఇంత శ్రమ ఎందుకు, రెండు ట్రాక్టర్ల నల్లమట్టి తోలించి పైన పోస్తే పోదా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇసుక నేల మీద బంకమట్టిని పొరగా పోస్తే రెండూ కలవవు. పై పొర తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది, వేళ్లు ఆ పొరలోనే ఆగిపోతాయి. పైగా ఆ మట్టితో పాటు సున్నం, ఉప్పు వస్తాయి. చెరువు పూడిక మట్టి సంగతి వేరు. చుట్టుపక్కల చేలల్లోంచి కొట్టుకుపోయిన సన్నటి పైమట్టి చేరేది చెరువులోకే. వేసవిలో చెరువు ఎండినప్పుడు దాన్ని తెచ్చి, అంగుళం మందాన పరిచి, అరడుగు లోతు మట్టిలో పూర్తిగా కలిసిపోయేలా తిరగేస్తే ఎర్రనేలకు లోటుగా ఉన్న బంకమన్ను తిరిగి చేరుతుంది. సెంటుకు టన్నున్నర చాలు, ఒక ట్రాలీ రెండు ఇళ్లకు వస్తుంది. తెచ్చే ముందు ఆరిన మట్టి మీద తెల్లటి ఉప్పు పొర కడుతోందేమో చూసుకోండి, కడితే వద్దు.

రసాయన ఎరువులు వాడాలా వద్దా అన్నది సిద్ధాంతాల గొడవగా మారిపోయింది. ఈ మట్టి దృష్ట్యా చూస్తే విషయం సులువే. బంకమన్ను తక్కువున్న చోట యూరియా నిలవదు, ఒకేసారి వేసింది నీళ్లతో పాటు దిగిపోతుంది. వేసేదేదో చిటికెలుగా, నాలుగైదు సార్లు వేయాలి. వేరుశనగ చెక్క నెమ్మదిగా నత్రజనిని వదులుతుంది కాబట్టి ఈ నేలకు చక్కగా అతుకుతుంది. అంతకంటే ముఖ్యం గంధకం, సూక్ష్మపోషకాలు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మన మెట్ట జిల్లాల నేలల్ని పరీక్షించినప్పుడు గంధకం, జింకు, బోరాన్ లోపాలు విస్తారంగా బయటపడ్డాయి. వేరుశనగకు ఊడలు దిగే సమయంలో జిప్సం వేయడం రైతులకు అలవాటే, దాంట్లో కాల్షియంతో పాటు గంధకం కూడా ఉంటుంది. బోరాన్ మాత్రం కార్డులో లోపం ఉందని రాసిస్తేనే, చెప్పిన మోతాదులోనే వేయండి. కావలసినదానికీ విషమయ్యేదానికీ మధ్య తేడా చాలా తక్కువ.

ఏం నాటాలన్నదానికి జవాబు ఇప్పుడు దానంతట అదే వస్తుంది. తొలి ఏడు బాగుపడని మట్టిలో వేయదగ్గవి లోతుకు వేరు దించేవి, గాలిలోని నత్రజనిని పట్టేవి. కంది, అనప, అలసంద, గోరుచిక్కుడు అలాంటివే. గోంగూర, మునగ కూడా ఈ నేలను నిందించవు. రెండో ఏడు వంకాయ, టమాటా, బెండ, కాకర పెట్టొచ్చు. నీళ్లు, పోషకాలు ఎడతెగకుండా కోరే కాలీఫ్లవర్, క్యాబేజీ లాంటివి మూడో ఏడు చలికాలం దాకా ఆగితేనే మేలు. చెట్లకు మూడడుగుల గుంత తీసి పైమట్టి, ఎరువు కలిపి పూడుస్తాం. ఆ గుంత గట్టి రాతిలో తీసిందైతే అది చెట్టుకు తొట్టి అవుతుంది తప్ప నేల కాదు. గుంతలో నీళ్లు పోసి ఒక రోజులో ఇంకకపోతే అక్కడ మామిడి పెట్టకండి. సీతాఫలం, ఉసిరి, రేగు లాంటివి గరపలో దారి వెతుక్కుంటాయి.

నల్లనేల వాళ్లు పైన చెప్పిన వాటిలో సగం తిరగేసి చదువుకోవాలి. వారికి నిల్వ కొరత లేదు. మీటరు లోతున 200 మిల్లీమీటర్ల దాకా దాచుకునే మట్టి అది. నీరు దిగకపోవడం, గాలి ఆడకపోవడం వారి కష్టం. కాబట్టి ఎత్తు మడులు వారికే పనికొస్తాయి. తడిగా ఉన్నప్పుడు పార పెట్టకూడదు, గడ్డలు ఎండి రాయి అవుతాయి. ఉదజని సూచిక 8 దాటిన చోట, సున్నం పొంగే చోట, కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే అది ఇనుప ధాతువు అందకపోవడం. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని కరగనివ్వక. మట్టిలో అన్నభేది పోస్తే ఆ సున్నమే దాన్నీ పట్టేస్తుంది, ఆకుల మీద పిచికారీ చేయాలి. చౌడు తేలిన చోట జిప్సం వేసి నీళ్లు పెట్టి కడగాలి, నీరు పోవడానికి కాలువ లేకపోతే అదీ దండగే. మిరప, ధనియాలు, మెంతులు, శనగ వారికి బాగా వస్తాయి. చీనీ చెట్టు పెట్టే ముందు వెనిగరు చుక్కలు మరచిపోకండి.

రెండు మూడేళ్ల తర్వాత, మొదటిసారి తీసిన నెలలోనే, అవే చోట్ల, అంతే లోతు నుంచి మళ్లీ నమూనా తీసి పరీక్షకు ఇవ్వండి. వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి తీసినవాటిని పోలిస్తే ఆ తేడాకు అర్థం ఉండదు. సేంద్రియ కర్బనం 0.1, 0.2 పెరిగితే మీ పని దారిలో ఉన్నట్టే, అంతకంటే వేగం ఈ ఎండల్లో రాదు. గుంత పరీక్ష కూడా మళ్లీ చేసి, నీరు ఇంకడానికి పట్టిన సమయాన్ని పాత అంకె పక్కన రాసుకోండి. కర్బనం ఏమీ పెరగకపోతే వెంటనే ఇంకో బండి ఎరువు తేవద్దు. మార్చి నుంచి జూన్ దాకా మడి మీద కప్పు ఉందా లేదా అన్నది ముందు చూసుకోండి.